వరస ఒక దిక్కు, కోన్లు ఇంకో దిక్కు: అగ్నిపర్వతాల ఆకారాల నుంచి భూమి ఒత్తిడి దిశ తేల్చిన ఒక కేసు

అగ్నిపర్వతాల ఆకారాలు చూసి భూమి పైపొర ఏ దిశలో నొక్కుకుపోతోందో చెప్పొచ్చని జియాలజీ చదివిన వాళ్లందరికీ తెలుసు. కానీ ఆ ఆకారాన్ని మలిచేది ఆ ఒత్తిడి ఒక్కటే కాదనే సంగతి, చేతిలో మ్యాపు, ముందు డెడ్‌లైన్ ఉన్నప్పుడు చాలామందికి గుర్తుండదు. నేల వాలు, గాలి, పక్కనున్న పెద్ద కొండ బరువు, ఎప్పుడో తెగిన పాత ఫాల్ట్ (రాయి చీలి రెండు పక్కలూ జారిన పగులు), ఇవన్నీ ఆకారం మీద ముద్ర వేస్తాయి. వీటిని ఒక్కొక్కటిగా పక్కకు తీశాకే ఒత్తిడి గురించి మాట్లాడాలన్నది నా పద్ధతి, ఈ కేసులో ఆ పద్ధతి వల్ల జవాబు అరవై డిగ్రీలు మారింది, అందుకే రాస్తున్నాను. సంస్థ పేరు, దేశం, కొండ పేరు తీసేశాను. దిశలన్నిటినీ ఒకే కోణంలో తిప్పి రాశాను, కాబట్టి మ్యాపులో వెతకాల్సిన పని లేదు, లెక్క మాత్రం ఎక్కడా చెడదు.

నేపథ్యం

ఒక రిఫ్ట్ అంచు, అంటే భూమి పైపొర నెమ్మదిగా సాగి పలచబడుతున్న చోటు. మధ్యలో ఒక పెద్ద అగ్నిపర్వతం, దాని నెత్తిన కాల్డెరా, అంటే కింద మాగ్మా (కరిగిన రాయి) ఖాళీ అయి పైకప్పు కూలినప్పుడు ఏర్పడే పెద్ద గొయ్యి. చుట్టూ మైదానంలోనూ వాలుల మీదా వందకు పైగా చిన్న సిండర్ కోన్లు, అంటే ఎగజిమ్మిన లావా తునకలు (సిండర్) శంకువులా పోగుపడ్డ గుట్టలు, ఒక్కొక్కటీ ఒకసారి పేలి ఆరిపోయిన రకం. ఇక్కడ భూతాప విద్యుత్తు కోసం ఒక సంస్థ మొదటి బావిని నిలువుగా దించింది. అడుగున వేడి బాగానే ఉంది, కానీ నీళ్లు, ఆవిరి కదలడానికి దారి లేదు, రాయి గట్టిగా తగిలింది. రెండో బావిని ఏటవాలుగా తవ్వి పగుళ్లను దాటించాలని నిర్ణయించారు. ఎటు వాల్చాలి అన్నదే ప్రశ్న.

దీనికి ఒత్తిడి దిశతో పనేంటంటే, నిలువు పగుళ్లు లోపల ఎన్ని దిశల్లో ఉన్నా, అడ్డంగా పనిచేసే ఒత్తిళ్లలో గరిష్ఠమైనది ఏ దిశలో ఉందో ఆ దిశకు సమాంతరంగా ఉన్నవే తెరుచుకుని ఉండే అవకాశం ఎక్కువ. వాటి గోడలను దగ్గరకు నొక్కేది కనిష్ఠ ఒత్తిడి కదా. అందువల్ల బావిని కనిష్ఠ ఒత్తిడి దిశలోకి వాలిస్తే అలాంటి పగుళ్లను ఒకదాని తర్వాత ఒకటి కోసుకుంటూ పోతుంది. గరిష్ఠ దిశలోకి వాలిస్తే వాటి పక్కనే సమాంతరంగా వెళ్లిపోయి, మళ్లీ గట్టి రాయే తగలొచ్చు.

సంస్థలోని టీమ్ అప్పటికే ఒక రిపోర్టు తయారుచేసింది. కోన్ల వరసలను బట్టి గరిష్ఠ ఒత్తిడి వాయవ్య-ఆగ్నేయ దిశలో ఉందని, కాబట్టి బావిని ఈశాన్యానికి వాల్చాలని అందులో ఉంది. తవ్వకం ఖర్చు పెద్దది కనుక బయటివాళ్ల చేత ఒకసారి చూపిద్దామని నా దగ్గరికి పంపారు. మొదటి బావిలో ఇమేజ్ లాగ్, అంటే బావి గోడల చిత్రం, లేదు, గోడలు బాగా కూలడంతో పరికరం దించలేకపోయారు. భూకంపాల రికార్డు ఉంది గానీ వాడుకోదగ్గ ఫోకల్ మెకానిజమ్‌లు (ఫాల్ట్ ఎటు జారిందో భూకంప తరంగాల నుంచి తీసే లెక్కలు) నాలుగైదుకు మించి లేవు. అంటే భారమంతా అగ్నిపర్వతాల మీదే.

ఆకారం నుంచి దిశ ఎలా వస్తుంది

మాగ్మా పైకి వచ్చేటప్పుడు రాయిని చీల్చి పలకలాగా దూరుతుంది, దాన్నే డైక్ అంటాం. కిక్కిరిసిన గుంపులోంచి దారి చేసుకునే మనిషి, తోపులాట తక్కువున్న పక్కకే జనాన్ని నెడతాడు, మాగ్మా కూడా అంతే, రాయిని కనిష్ఠ ఒత్తిడి ఉన్న వైపుకు నెట్టి జాగా చేసుకుంటుంది. ఫలితంగా డైక్ ఆ దిశకు లంబంగా నిలబడుతుంది. పైనుంచి చూస్తే దాని పొడవు గరిష్ఠ ఒత్తిడి దిశలో ఉంటుంది. అది నేలను తాకిన చోట ముందు పొడవాటి చీలికలోంచి లావా చిమ్ముతుంది, తర్వాత విస్ఫోటనం కొన్ని చోట్లకే పరిమితమై అక్కడక్కడా కోన్లు లేస్తాయి. 1783లో ఐస్‌లాండ్‌లోని లాకి దగ్గర జరిగింది ఇదే, సుమారు 27 కిలోమీటర్ల పొడవున వందకు పైగా క్రేటర్లు ఒకే వరసలో లేచాయి.

పెద్ద అగ్నిపర్వతాలకూ ఇదే వర్తిస్తుందని, వాటి పక్క వాలుల మీద పుట్టే చిన్న కోన్లు ఎటు పరుచుకున్నాయో చూసి గరిష్ఠ ఒత్తిడి దిశ చెప్పొచ్చని జపాన్‌కు చెందిన కజువాకి నకమురా 1977లో ఒక సూత్రంగా ప్రతిపాదించాడు. ఫుజి దీనికి చక్కటి ఉదాహరణ. దాని పక్క కోన్లు ఎక్కువగా వాయవ్య-ఆగ్నేయ దిశలో పరుచుకున్నాయి. 864లో లావా వాయవ్య పాదం దగ్గర పొంగింది, 1707లో పేలుడు ఆగ్నేయ వాలు మీద జరిగింది. ఫిలిప్పీన్ సముద్ర పలక వచ్చి నొక్కుతున్న దిశతో ఇది సరిపోతుంది. 2000లో జపాన్‌లోనే మియాకెజిమా అనే అగ్నిపర్వత ద్వీపం దగ్గర డైక్ సముద్రం అడుగున వాయవ్యంగా దాదాపు 30 కిలోమీటర్లు పాకింది, అప్పుడు భూకంపాలు ఆ దారి వెంటే వరుసగా వచ్చాయి.

సూత్రం ఇంత సూటిగా ఉండటమే ప్రమాదం అనిపిస్తుంది నాకు. వరస కనబడగానే స్కేలు పెట్టి గీత గీసేయాలనిపిస్తుంది.

అసలు సమస్య

టీమ్ రిపోర్టులో మూడు రకాల ఆధారాలున్నాయి, మూడూ మూడు దిక్కులు చూపిస్తున్నాయి. కోన్ల కేంద్రాలను రెండేసి చొప్పున కలిపి తీసిన దిశల లెక్కలో శిఖరం, అంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన దిశ, వాయవ్య-ఆగ్నేయంగా వచ్చింది. కోన్ల అంచులో గండి పడిన వైపులన్నీ కలిపితే ఎక్కువ భాగం పడమర చూపించాయి. పెద్ద అగ్నిపర్వతం కొండమొత్తంగా చూస్తే ఉత్తర-ఈశాన్యం నుంచి దక్షిణ-నైరుతికి కోలగా ఉంది, దాని నెత్తినున్న కాల్డెరా మాత్రం దాదాపు దానికి అడ్డంగా, పడమర-వాయవ్యం నుంచి తూర్పు-ఆగ్నేయానికి కోలగా ఉంది. వాళ్లు మెజారిటీ లెక్క వేసుకుని, సంఖ్య ఎక్కువున్న మొదటిదాన్ని తీసుకున్నారు. టీమ్ లీడ్ మొదటి కాల్‌లోనే అడిగేశారు: "కొండ ఒకటి చెబుతోంది, దాని నెత్తి మీది గొయ్యి ఇంకోటి చెబుతోంది, ఏది నమ్మమంటారండీ?"

నా జవాబు, ఇప్పుడే ఏదీ నమ్మొద్దు, ఒక్కోదాన్ని ఏం మలిచిందో విడివిడిగా అడుగుదాం అని. సంఖ్యను బట్టి తీసుకోవడం నేను ఒప్పుకోలేకపోయిన చోటు. ఒకే తప్పుడు కారణం వంద కోన్ల మీద పనిచేస్తే వంద ఓట్లూ ఒకే వైపు పడతాయి, అది ఆధారం అవ్వదు.

మొదట పరీక్షించింది: ఆ వాయవ్య-ఆగ్నేయ శిఖరం

రెండేసి చుక్కల మధ్య దిశలు లెక్కించే పద్ధతి పాతదే, 1986లో లట్జ్ అనే పరిశోధకుడు దాన్ని గణాంకాల పునాది మీద పెట్టాడు. అందులో అందరికీ తెలిసిన చిక్కు ఒకటుంది. కోన్లు పరుచుకున్న ప్రాంతమే పొడుగ్గా ఉంటే, లోపల కోన్లు ఎలా ఉన్నా సరే, జంటల దిశలు ఆ పొడుగు వైపే మొగ్గుతాయి. ఈ ప్రాంతం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా ఉంది, ఒక పక్క పాత ఫాల్ట్ అంచు, ఇంకో పక్క కొత్త లావా కింద కోన్లు పూడిపోవడం దానికి కారణాలు. కాబట్టి అదే హద్దు లోపల అన్ని చుక్కలనే కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా వేలసార్లు చల్లించి, ప్రతిసారీ అదే లెక్క చేయించాం. నిజం కోన్ల శిఖరం ఆ యాదృచ్ఛిక చుక్కల పట్టీ (ఊరికే చల్లినా వచ్చే హెచ్చుతగ్గుల పరిధి) లోపలే పడింది, అంటే రిపోర్టులోని శిఖరం ప్రాంతం హద్దుల ఆకారం తప్ప మరేం చెప్పడం లేదు.

తర్వాత బాగా దగ్గరున్న జంటలను మాత్రమే ఉంచాం, ఎందుకంటే ఒకే డైక్ మీద పుట్టిన కోన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మైదానం ఆ చివరా ఈ చివరా ఉన్న రెండు కోన్లను కలిపే గీతకు భౌతికంగా అర్థం లేదు. అప్పుడు రెండు శిఖరాలు తేలాయి, రెండూ యాదృచ్ఛిక పట్టీ దాటి బయటికే వచ్చాయి. ఒకటి ఉత్తరం నుంచి తూర్పుకు సుమారు 15 డిగ్రీలు. రెండోది మళ్లీ వాయవ్య-ఆగ్నేయమే. అంటే హద్దుల ప్రభావం తీసేసినా ఆ దిశ పూర్తిగా పోలేదు. ఇక్కడితో ఆపి ఎవరో ఒకరి పక్షం వహించడానికి వీల్లేకుండా పోయింది, లెక్కల్లోంచి బయటికొచ్చి ఒక్కో కోన్‌నూ చూడాల్సి వచ్చింది.

పని చేయనివి

గండ్ల సంగతి త్వరగానే తేలిపోయింది. కోన్ అంచులో గండి పడితే, కింద ఉన్న చీలిక దిశలో పడిందని అనుకోవడం సబబే, బల్లపరుపు నేల మీదైతే. వాలు మీద లేచిన కోన్‌కు పల్లం వైపు గోడ బలహీనం, లావా కూడా అటే తోసుకుపోతుంది. ఇక్కడ నేల చాలావరకు పడమరకు వాలింది, గండ్లూ పడమరకే ఉన్నాయి. ప్రతి కోన్ కింద నేల ఏటవాలు ఎంతో, ఎటో ఎత్తుల మ్యాపు నుంచి తీసి, గండి దిశకూ వాలు దిశకూ మధ్య తేడా గీయించాం. నిటారు వాలుల మీది గండ్లన్నీ సున్నా చుట్టూ గుమిగూడాయి. వాటిని అన్నిటినీ పక్కన పెట్టేశాం. గాలి విషయం కూడా చూశాం. గాలి మోసుకెళ్లే వైపు బూడిద, సిండర్ ఎక్కువ పడి అంచు ఎత్తవుతుంది, దాంతో ఎదుటి అంచు పల్లంగా కనబడుతుంది. అందుకే ఒకే వైపు పల్లం ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎదురెదురుగా రెండు పల్లాలుంటేనే వాటిని కలిపే గీత తీసుకున్నాం, అది చీలిక దిశ అయ్యే అవకాశం ఎక్కువ.

కాల్డెరా మీద మాత్రం ఎక్కువసేపు ఆగాను, టీమ్ లీడ్‌ను టెన్షన్ పెట్టింది అదే కనుక. కొండ ఒక దిశలో, కాల్డెరా దానికి అడ్డంగా ఉంటే అది వైరుధ్యం కానక్కర్లేదు. కొండ ఎటు కోలగా పెరుగుతుంది? డైక్‌లు ఎటు వెళ్లి పక్క కోన్లను కడతాయో అటు, అంటే గరిష్ఠ ఒత్తిడి దిశలో. కాల్డెరా కోలతనానికి మూలం వేరు. రాయిలో గుండ్రటి రంధ్రం చేస్తే దాని గోడలు కనిష్ఠ ఒత్తిడి దిశలో ఉన్న రెండు పక్కలా ఎక్కువ నలిగి రాలిపోతాయి, ఆ దిశలో రంధ్రం కోలగా మారుతుంది. బోరుబావుల్లో ఇది రోజూ చూసేదే, బ్రేకవుట్ అంటాం. మాగ్మా గది గోడలకూ ఇదే జరుగుతుందని, కెన్యా రిఫ్ట్‌లో కోలగా ఉన్న కొన్ని కాల్డెరాలను ఇలాగే చదివిన పరిశోధకులు ఉన్నారు. ఆ లెక్కన ఇక్కడ కొండ, కాల్డెరా రెండూ ఒకే మాట చెబుతున్నాయి: గరిష్ఠం ఉత్తర-ఈశాన్యం, కనిష్ఠం పడమర-వాయవ్యం.

ఇది విని వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు గానీ, నేను దాన్ని ప్రధాన ఆధారంగా రాయనివ్వలేదు. కాల్డెరా కోలగా కనబడటానికి ఇంకో రెండు మామూలు కారణాలుంటాయి. ఒకటి, రెండు కూలుళ్లు ఒకదాని పక్కన ఒకటి జరిగి కలిసిపోవడం. ఇక్కడ దక్షిణ అంచులో ఒక చిన్న మెలిక ఉంది, అది రెండు వంపులు కలిసిన చోటు కావచ్చు. రెండోది, పాత ఫాల్ట్ కూలుడు అంచును తన వైపు లాగడం. పాత ఫాల్ట్‌లు వాయవ్య-ఆగ్నేయంగా ఉన్నాయి, కాల్డెరా పొడుగు దిశకూ వాటికీ తేడా ముప్పై డిగ్రీలే. మూడు వివరణల్లో ఏదో ఒకటి ఎంచుకునే వీలు లేనప్పుడు ఆ ఆధారం పక్కవాద్యంగా ఉండాలి తప్ప పాట పాడకూడదు.

కొండ కోలతనం మీద కూడా ఒక అనుమానం పెట్టుకోవాల్సిందే. హవాయిలో కిలౌయా అగ్నిపర్వతం రిఫ్ట్ జోన్‌ల (చీలికలు గుంపుగా తెరుచుకునే పట్టీల) దిశను నిర్ణయించేది ప్లేట్ల ఒత్తిడి కాదు, పక్కనున్న మౌనా లోవా భారం, సముద్రం వైపు జారే సొంత వాలు. గలపగోస్‌లో ఫెర్నాండినా మీద చీలికలు పైన కాల్డెరా చుట్టూ వలయాలుగా, కింద వాలుల మీద కేంద్రం నుంచి ఆకుల ఈనెల్లా ఉంటాయి, అవి ఆ కొండ తన బరువుతో, తన లోపలి మాగ్మా ఒత్తిడితో సృష్టించుకున్న లోకం. పెద్ద కొండ దగ్గర్లో ఏ గీత చూసినా ముందు ఇది ఆ కొండ మాటా, ప్రాంతం మాటా అని అడగాలి.

వరసలోని మెలిక

రెండో శిఖరాన్ని, అంటే మొండిగా మిగిలిపోయిన వాయవ్య-ఆగ్నేయ దిశను పట్టి చూస్తే, దాన్ని తెస్తున్నది ప్రధానంగా ఒకే ఒక పొడవాటి కోన్ల వరస అని తేలింది. మ్యాపులో అది గీతలాగే ఉంటుంది, రిపోర్టులో కూడా దాన్నే మొదటి బొమ్మగా పెట్టారు. దగ్గరికెళ్లి ఒక్కో కోన్ చూస్తే వేరే కథ. కోన్ల అడుగులు, క్రేటర్లు, అంచులో ఎదురెదురు పల్లాలు, కోన్‌ను దాటి అటూ ఇటూ సాగిన చిన్న చీలికలు, ఏదీ వరస దిశలో లేదు. ప్రతి కోన్ వరసకు ఏటవాలుగా తిరిగి, ఉత్తర-ఈశాన్యానికి కోలగా ఉంది. ఒకదాని పక్కన ఒకటి మెట్లుమెట్లుగా జరిగిన చిన్న చీలికల మీద అవి కూర్చున్నాయి.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు, రెండూ నిజాయితీగా పరిశీలించాల్సినవే. మొదటిది: కింద పాత ఫాల్ట్ ఉంది, లోతులో మాగ్మా ఒత్తిడి చాలినంత ఉంటే బలహీనంగా ఉన్న ఆ పాత దారిలోనే పైకి వస్తుంది, పైపైకి వచ్చాక తాజా రాయిలోనో లావా పొరల్లోనో సొంతంగా చీల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఇప్పటి ఒత్తిడికి తలవంచి తిరుగుతుంది. అలాంటప్పుడు వరస పాత ఫాల్ట్ దిశ చెబుతుంది, కోన్ ఇప్పటి దిశ చెబుతుంది. రెండోది: పాత ఫాల్ట్ అంటూ ఏమీ లేకపోయినా, లోతులో ఒత్తిడి దిశ ఒకటి, పైన ఇంకోటి అయితే పైకొచ్చే డైక్ అంచు తిరిగి ముక్కలుముక్కలుగా విడిపోతుంది, అప్పుడూ ఇలాగే మెట్లు కనబడతాయి. ఈ రెండో మాట నిజమైతే బావి వెళ్లే లోతులో వరస దిశే సరైనది, టీమ్ రిపోర్టే గెలుస్తుంది. అందుకే ఇది మాటల్లో తేల్చేసే విషయం కాదు.

తేల్చడానికి దారి ఏమిటంటే, ఆ ఫాల్ట్‌కు దూరంగా, వేరే పునాది మీద ఉన్న కోన్లను అడగడం. లోతులో ఒత్తిడి నిజంగా వాయవ్య-ఆగ్నేయంగా ఉంటే, ప్రాంతం అంతటా కోన్ల వరసలు ఆ దిశలోనే ఉండాలి, ఎందుకంటే వరస లోతు మాట. ఫాల్ట్ కారణమైతే ఆ దిశ ఫాల్ట్ మీదే కనబడాలి, దూరంగా వెళ్తే వరసా కోనూ రెండూ ఒకే దిశకు రావాలి. మైదానం తూర్పు భాగంలో, పాత రాయి చాలా లోతున పూడి ఉన్న చోట చిన్న వరసలు కొన్ని ఉన్నాయి. వాటిలో వరస ఉత్తర-ఈశాన్యం, కోన్లూ ఉత్తర-ఈశాన్యం. పడమర అంచున పాత రాయి నేల మీదికి తేలిన చోట ఫాల్ట్ కూడా కళ్లముందే కనబడుతుంది, సరిగ్గా ఆ వరస పొడిగింపు మీద. నా దృష్టిలో ఈ కేసు అక్కడ తేలిపోయింది, మిగతా పని అంతా ఆ జవాబుకు అంచులు గీయడం.

చివరికి వాడినవి, ఎందుకు వాడాం

కొత్తగా ఒక ఎంపిక చేశాం. పెద్ద కొండ ప్రభావం ఎంత దూరం ఉందో ముందు చూశాం: శిఖరం దగ్గర డైక్‌లు, కోన్ల వరసలు అన్ని వైపులకూ విరజిమ్మినట్టు ఉన్నాయి, దూరం వెళ్లేకొద్దీ తూర్పు, పడమర వైపు బయల్దేరినవి వంగుతూ ఉత్తర-ఈశాన్య దిశలోకి తిరిగాయి. అమెరికాలోని కొలరాడోలో స్పానిష్ పీక్స్ చుట్టూ డైక్‌లు ఇలాగే కేంద్రం నుంచి విడిపోయి, దూరంలో ఒకే దిశకు వంగుతాయి, ఒత్తిడి లెక్కలతో ఆ వంపును వివరించిన ప్రసిద్ధ ఉదాహరణ అది. వంపు ముగిసే దూరానికి లోపలున్న కోన్లన్నిటినీ తీసేశాం. వంపు మాత్రం ఉంచుకున్నాం, ఎందుకంటే కొండ తన దిశ తాను నిర్ణయించుకుంటే ఆ వంపే ఉండదు, అందులో ప్రాంతం ఒత్తిడి స్పష్టంగా చెయ్యి పెట్టినట్టు తెలుస్తుంది.

వయసు తర్వాతి వడపోత. ఒత్తిడి దిశ కాలంతో మారుతుంది, పాత కోన్ పాత ఒత్తిడిని చెబుతుంది. అన్నిటికీ వయసు కొలిచే బడ్జెట్ ఉండదు కాబట్టి కొన్నిటికే కొలిపించి, మిగతావాటికి ఆకారాన్ని బట్టి అంచనా వేశాం. తాజా సిండర్ కోన్ ఎత్తు దాని అడుగు వెడల్పులో సుమారు 0.18 వంతు ఉంటుంది, కోతకు గురయ్యేకొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతుంది. బాగా చదునైనవాటిని వదిలేశాం. తర్వాత వచ్చిన లావా చుట్టుముట్టి అడుగు సగం పూడిన కోన్లనూ, సిండర్ కోసం ఒక పక్క తవ్వేసిన కోన్లనూ వదిలేశాం, వాటి కోలతనం నమ్మదగింది కాదు. పొడవు, వెడల్పుల నిష్పత్తి 1.2 కన్నా తక్కువ ఉంటే దిశ కొలవనివ్వను. దాదాపు గుండ్రంగా ఉన్నదానికి పొడుగు దిశ అడిగితే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి చెబుతుంది, అది అర్థం లేని అంకె.

మిగిలినవి మొదటి జాబితాలో చిన్న భాగమే. ఇన్ని తీసేస్తే ఏం మిగిలిందని టీమ్‌లో ఒకరు బాధపడ్డారు, అర్థం చేసుకోగలను. కానీ ప్రతి మిగిలిన కోన్‌కూ కనీసం రెండు వేర్వేరు గుర్తులు, ఉదాహరణకు క్రేటర్ కోలతనం, చీలిక దిశ, ఒకదానితో ఒకటి ఏకీభవించాలన్న షరతు పెట్టాక వాటి విలువ సంఖ్యలో లేదు.

సగటు తీసేటప్పుడు ఒక జాగ్రత్త, చాలా రిపోర్టుల్లో తప్పిపోయేది. ఇవి బాణాలు కావు, గీతలు. ఉత్తరం నుంచి 10 డిగ్రీల గీత, 170 డిగ్రీల గీత రెండూ దాదాపు ఉత్తర-దక్షిణాలే, మామూలు సగటు తీస్తే 90 వస్తుంది, అంటే తూర్పు-పడమర! కోణాలను రెండింతలు చేసి సగటు తీసి మళ్లీ సగం చేయాలి. జవాబు ఉత్తరానికి దగ్గరగా ఉన్న ఇలాంటి కేసుల్లో ఈ ఒక్క లెక్క మొత్తం నిర్ణయాన్ని తిప్పేయగలదు.

వచ్చిన జవాబు: గరిష్ఠ ఒత్తిడి ఉత్తరం నుంచి తూర్పుకు 15 డిగ్రీలు, అటూ ఇటూ 20 డిగ్రీలు. ప్రపంచమంతటి ఒత్తిడి దిశలను పోగుచేసే వరల్డ్ స్ట్రెస్ మ్యాప్ వాళ్లు వాడే నాణ్యతా తరగతుల పద్ధతిలో చూసుకున్నా మూడు లేదా అంతకన్నా ఎక్కువ స్వతంత్ర వరసలు దగ్గరి దిశలు చూపిస్తే అంతే నమ్మకం ఇస్తారు. మొదట పక్కన పెట్టిన నాలుగైదు భూకంపాల సాగుడు దిశలు ఇప్పుడు తీసి చూస్తే పడమర-వాయవ్యం నుంచి తూర్పు-ఆగ్నేయానికి ఉన్నాయి, సరిపోయాయి. వాటిని ముందే చూడకపోవడం కావాలని చేసింది, అగ్నిపర్వతాల జవాబు వాటి వైపు తెలియకుండా ఒరగకూడదని.

తవ్వకం

నా సిఫార్సులో దిశ కంటే నేను గట్టిగా పట్టుబట్టింది క్రమం మీద. బావిని ముందు నిలువుగా దించి, వాలు మొదలుపెట్టే లోతుకు ముందే ఆగి, ఆ నిలువు భాగంలో ఇమేజ్ లాగ్ తీయాలి, అది చదివాకే వాల్చే దిశ ఖాయం చేయాలి. రిగ్ (తవ్వే యంత్రం) కొంతసేపు ఖాళీగా ఉంటుందని అభ్యంతరం వచ్చింది. అరవై డిగ్రీల తేడాతో రెండు రిపోర్టులు బల్ల మీద ఉన్నప్పుడు ఆ ఖర్చు చిన్నదే అని వాదించాను, ఒప్పుకున్నారు.

లాగ్‌లో బ్రేకవుట్‌లు ఎక్కువ భాగం పడమర-వాయవ్యం, తూర్పు-ఆగ్నేయం గోడల మీద పడ్డాయి, తవ్వకం వల్ల ఏర్పడే సన్నటి చీలికలు వాటికి లంబంగా వచ్చాయి. గరిష్ఠ దిశ మేము చెప్పిన అంచు లోపలే ఉంది. ఒక్కచోట, ఒక ఫాల్ట్‌ను దాటే కొద్ది పొడవులో, దిశ బాగా పక్కకు తిరిగింది, అది దాటాక మళ్లీ మామూలుకు వచ్చింది. ఫాల్ట్ పక్కన ఒత్తిడి ఇలా స్థానికంగా తిరగడం అరుదు కాదు, ఆ కాస్త భాగం మాత్రమే లాగ్ చేసి ఉంటే మూడో జవాబు వచ్చేది. బావిని తూర్పు-ఆగ్నేయానికి వాల్చారు, కింద తెరిచిన పగుళ్లు తగిలాయి, మొదటి బావిలో లేని ప్రవాహం వచ్చింది.

ఈ కేసు నుంచి నేను వాడుకుంటున్నవి

ఇప్పుడు ఏ ప్రాంతానికైనా కోన్ల మ్యాపు తీసుకుంటే వరస దిశ, కోన్ దిశ రెండు వేర్వేరు పొరల్లో గీయిస్తాను. రెండూ కలిసే చోట మాట్లాడటం సులువు. విడిపోయే చోటే సమాచారం ఎక్కువ, అక్కడ పాత ఫాల్ట్ ఉందా, లోతుతో ఒత్తిడి తిరుగుతోందా అని అడిగి, దూరంగా వేరే పునాది మీదున్న కోన్లతో పోల్చి తీరాలి. తీసేసిన కోన్లను కూడా కారణంతో సహా రిపోర్టులో ఉంచుతాను, తర్వాత వచ్చేవాళ్లు నా వడపోతతో విభేదిస్తే వాటిని తిరిగి చేర్చి లెక్క వేసుకోగలగాలి.

ఇంకో సంగతి క్లయింట్‌లకు ముందే చెబుతున్నాను. అగ్నిపర్వతాల ఆకారాలు దిశ ఇస్తాయి, ఒత్తిడి ఎంతో చెప్పవు. ఆ ప్రాంతంలో ఫాల్ట్‌లు కిందికి జారే రకమా, పక్కకు జరిగే రకమా అన్నది కూడా వాటి నుంచి తేలదు, రెండింట్లోనూ డైక్ నిలువుగానే నిలబడుతుంది, పైన వరస ఒకేలా కనబడుతుంది. బావి గోడలు నిలుస్తాయా, బురద ద్రవం బరువు ఎంత పెట్టాలి, పగుళ్లలోకి నీళ్లు ఎక్కిస్తే ఫాల్ట్ జారుతుందా అన్న ప్రశ్నలన్నిటికీ కావాల్సింది ఆ అంకెలే. అందుకే రెండో బావి ప్రోగ్రాంలో కేసింగ్ (బావి గోడకు తొడిగే ఉక్కు గొట్టం) దించి సిమెంట్ గట్టిపడి, దాని కింద కొన్ని మీటర్లు తవ్వగానే లీక్-ఆఫ్ పరీక్ష, అంటే ద్రవాన్ని ఎంత ఒత్తిడితో నెడితే రాయిలోకి దూరుతుందో చూసేది, పెట్టించాం, కనిష్ఠ ఒత్తిడి ఎంతో దాన్నుంచే తీసుకున్నాం.